గాలిగోపురం లేని పటం

కొన్నేళ్ళ క్రిందట ఒక ఆదివారం ఉదయం, మా యింటికి రెండు వీధుల అవతల వుండే నేతపని పెద్దాయన ఒకరు చంకలో చుట్ట చుట్టిన కాగితం పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన్ను నేను బాబాయిగారూ అంటాను. ఆయన నన్ను మేష్టారూ అంటారు.

“మేష్టారూ! మీరు ఎమ్మే చదివారు గదా, యీ కాగితంలో మా యిల్లు ఎక్కడుందో కాస్త చూసి పెట్టండి” అన్నారాయన.

చుట్ట విప్పి బల్లమీద పరిచాము. అది మా మంగళగిరి పట్టణ ప్రణాళిక ముసాయిదా పటానికి నకలు. పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు. వాటి మధ్య నల్లని గీతలు. అక్షరాలన్నీ ఇంగ్లీషులోనూ, చీమ తలకాయలంతలోనూ వున్నాయి. ప్రబంధంలో ఎంత చిక్కు పద్యానికైనా అన్వయం చెప్పమంటే నేను జంకను. ఆ పటం ముందు మాత్రం అరగంటసేపు నోరు విప్పలేకపోయాను.

నా అవస్థ చూసి బాబాయిగారే జాలిపడ్డారు. “గాలిగోపురం ఎక్కడుందో చూపించండి, చాలు. అక్కణ్ణించి కళ్ళు మూసుకుని మా యింటికి వస్తాను” అన్నారు.

వెతికాము. గోపురం లేదు. దేవాలయమున్న చోట ఒక ఎర్రని మచ్చ మాత్రం వుంది. 1807–1809 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కట్టించిన గోపురమది. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. ఊళ్ళో తప్పిపోయిన పిల్లవాడు కూడా దాన్ని చూసి యిల్లు చేరతాడు. అటువంటిది ఊరి పటంలో కనబడకుండా పోయింది!

చివరకు గుంటూరు రైలుమార్గం పట్టుకుని, పెద్ద కోనేరు గుర్తుపట్టి, వీధులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి బాబాయిగారి యిల్లు దొరికించుకున్నాము. ఆ యింటి ముందుభాగం మీదుగా రెండు గీతలు సమానంగా పోతున్నాయి. అడుగున చూస్తే, అవి వెడల్పు చేయదలచిన రోడ్డుకు గుర్తు.

బాబాయిగారు తమ వేలు ఆ గీతల మీద వుంచి, “అంటే నా మగ్గం గుంట రోడ్డులో పడిందన్నమాట” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాతనే నేను యీ ప్రణాళికల సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది నలుగురికీ చెబితే మంచిదని యీ వ్యాసం వ్రాస్తున్నాను.

రంగుల భాష

పట్టణ ప్రణాళిక, జనం నోట “మాష్టరు ప్లాను”, ఏమిటంటే: ఊరు వచ్చే యిరవై ఏళ్ళలో ఎంత పెరుగుతుందో అంచనా కట్టి, ఏ నేలను దేనికి వాడుకోవాలో, ఏ రోడ్డు ఎంత వెడల్పు వుండాలో ముందుగా నిర్ణయించి గీసిన పటం. సాధారణంగా యిందులో పసుపు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ సంస్థలకూ విద్యాలయాలకూ, ఆకుపచ్చ తోటలకూ మైదానాలకూ పొలాలకూ గుర్తులు. పటంతోపాటు నిబంధనల పుస్తకం ఒకటి వుంటుంది. పసుపు రంగులో ఏమి కట్టవచ్చు, ఏమి కట్టరాదు, రోడ్డు వెడల్పును బట్టి ఎన్ని అంతస్తులు లేపవచ్చు అన్నవి అందులో వుంటాయి.

చూడడానికి యిది బొమ్మల పుస్తకంలా వుంటుంది గాని, ఆ రంగు మారితే ఎకరం ధర మారుతుంది. ఆ గీత పక్కకు జరిగితే ఒక సంసారం గతి మారుతుంది. మీ స్థలం మీదుగా రోడ్డు గీత పడిందనుకోండి. ఆ గీత లోపలి భాగంలో కొత్తగా కట్టుకోవడానికి అనుమతి రాదు. కొనేవాడు వెనుకాడతాడు. అప్పిచ్చే బ్యాంకు అనుమానిస్తుంది. పోనీ, రోడ్డు వెంటనే వేస్తారా అంటే, అదీ లేదు. డబ్బు సమకూరేవరకూ పదేళ్ళో, పదిహేనేళ్ళో ఆ గీత అలాగే వుంటుంది. ఈలోగా పిల్ల పెళ్ళికి యిల్లు అమ్ముదామనుకున్నవాడు అమ్మలేడు, పైన ఒక గది వేసుకుందామనుకున్నవాడు వేసుకోలేడు.

మరి రోడ్లు వెడల్పు చేయకుండా ఊరుకోవడమా? అదీ కుదరదు. మంటలార్పే బండి పట్టని సందులో పది కుటుంబాలు కాపురముంటే, ఏదో ఒకనాటికి అందరూ పశ్చాత్తాపపడవలసిందే. కనుక గీత అవసరమే. ఆ గీతను ఎవరిని అడిగి, ఏమి చూసి గీస్తున్నారు అన్నదే ప్రశ్న.

రథం నిలిపిన వీధి

మనవాళ్ళకు యీ విద్య కొత్తది కాదు. మా ఊళ్ళో ఏటా ఫాల్గుణ మాసంలో నరసింహస్వామి కళ్యాణమైన మర్నాడు రథోత్సవం జరుగుతుంది. వేలాది జనం మోకులు పట్టి రథాన్ని పెద్ద బజారు వెంట లాగుతారు. రథం తిరిగే వీధి వెడల్పు తగ్గరాదు. అది ఎవరూ అచ్చువేయని నిబంధన. ఎంతటి షావుకారయినా అరుగు ముందుకు జరిపితే, రథం రోజున ఊరంతా అతని వంకే చూస్తుంది.

గాలిగోపురం గురించి మా పెద్దలు చెప్పే కథ ఒకటుంది. కట్టడం పూర్తయ్యాక గోపురం ఒక పక్కకు ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన స్థపతులు పరిశీలించి, ఎదురుగా కోనేరు త్రవ్వించమన్నారట. త్రవ్వించాక గోపురం నిటారుగా నిలిచిందట. ఇంజనీర్లు దీన్ని ఒప్పుకుంటారో లేదో గాని, నాకు యీ కథ యిష్టం. ఎత్తుగా కట్టినవాడు కొంత నేలను నీటికీ గాలికీ వదలాలి అన్న నీతి అందులో వుంది.

అదే వెంకటాద్రి నాయుడుగారు కృష్ణ ఒడ్డున అమరావతి పట్టణాన్ని కూడా కట్టించారు. ఆ కొత్త ఊరి యిళ్ళకు రాయీ యిటుకా కావలసివచ్చి, పక్కనే వున్న దీపాలదిన్నెను త్రవ్వారు. ఆ దిన్నెలో వున్నది సుమారు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ మహాస్తూపం. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే త్రవ్వకం సాగుతున్నది. ఆనాటివారికి అది ఏమిటో తెలియదు, తెలియక పోగొట్టుకున్నాము. నేల మీద ఏముందో తెలుసుకోకుండా కొత్త ఊరు గీస్తే ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లాలోనే ఉదాహరణ వుంది.

పాత పటం, కొత్త ఊరు

ఒకప్పుడు మంగళగిరి అంటే కొండ, గుడి, తిరునాళ్ళు, నేతచీరలు. మద్రాసు–కలకత్తా రహదారి పక్కనుంచి పోయేది. 1957లో కృష్ణ మీద ప్రకాశం బ్యారేజి వచ్చాక బెజవాడ మరీ దగ్గరయింది. 1969లో మునిసిపాలిటీ అయ్యాము. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి నాలుగింటినీ కలిపి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ పేరులో మాది నాలుగోదైనా, అందులో పడ్డందుకు మేము సంతోషించాము.

2011 జనాభా లెక్కలకు మంగళగిరి పట్టణంలో 73 వేల పైచిలుకు జనం. అప్పటికింకా మాది నింపాదిగా నడిచే ఊరే. 2014లో రాష్ట్రం విడిపోయింది. రాజధాని కృష్ణ దక్షిణపు ఒడ్డుకు వచ్చింది. పట్టణాభివృద్ధి సంస్థ స్థానంలో అదే ఏడాది చివర రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ వచ్చింది. మా మండలంలోని నవులూరు, ఎర్రబాలెం, నిడమర్రు, కురగల్లు, కృష్ణాయపాలెం వంటి గ్రామాల పొలాలు రాజధాని పటంలోకి వెళ్ళాయి. 2021లో మంగళగిరినీ తాడేపల్లినీ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి నగరపాలక సంస్థ చేశారు.

ఊరి చివర, మంచి గాలి తగలాలని, ఒకప్పుడు క్షయరోగుల ఆసుపత్రి కట్టారు. ఆ ఆవరణలోనే యీనాడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసింది. 2015లో దానికి శంకుస్థాపన, 2018లో వైద్యవిద్య తరగతులు. ఊరికి దూరంగా వుండాలని ఎంచిన చోటికి యీనాడు ఊరే నడిచివెళ్ళింది. ఇరవై ఏళ్ళ క్రిందటి పటంలో దీని జాడ ఎక్కడుంటుంది? పిల్లవాడికి ఆరో ఏట కుట్టించిన చొక్కా పదహారో ఏట తొడిగితే ఎలా వుంటుందో, పాత పటంతో కొత్త నగరాన్ని నడపడం అలా వుంటుంది. అందుకే ప్రణాళికను సుమారు యిరవై ఏళ్ళ చూపుతో వ్రాసినా, అయిదేళ్ళకొకసారి సరిచూసుకోవాలని కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నీటి దారి

సరిచూసుకోవడమంటే కొత్త గీతలు గీయడమొక్కటే కాదు. వున్న గీతలను కాపాడడం కూడా. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ ప్రాంతంలో జనం పడిన యాతన ఎవరం మరచిపోలేము. బుడమేరు కట్టలకు గండ్లు పడి, మేడల కింది అంతస్తులు మునిగాయి. రోజుల తరబడి జనం పాలకూ మంచినీళ్ళకూ మొగం వాచారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల 40 వేల క్యూసెక్కుల పైచిలుకు వరద నమోదయింది. ఆ స్థాయి వరదను బ్యారేజి అంతకు ముందెన్నడూ చూడలేదు. వాన అసాధారణమే, కాదనను. కాని బుడమేరు పారవలసిన దారిలో ఏళ్ళ తరబడి యిళ్ళూ కట్టడాలూ పెరుగుతూ వచ్చిన మాట కూడా నిజమే.

మా వైపు కొండవీటి వాగుంది. కొండవీడు కొండల్లో పుట్టి, రాజధాని పొలాల మీదుగా వచ్చి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా వున్నప్పుడు వాగునీరు అందులో కలవలేక వెనక్కి తన్ని పొలాలను ముంచేది. ఆ నీటిని నదిలోకి ఎత్తిపోయడానికి 5 వేల క్యూసెక్కుల శక్తిగల పంపులు 2018లో పెట్టారు. పంపులున్నాయి గదా అని వాగు వెడల్పును మాత్రం ఎవరూ తినివేయకూడదు. స్థలం కొనేటప్పుడు మనం తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని అడుగుతాము. ఇక్కడ వానాకాలంలో నీరు ఎటు పారుతుందని అడిగేవారు తక్కువ.

ముందు నాడి, తరువాత మందు

నూరేళ్ళ పైమాట. పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పండితుణ్ణి అప్పటి మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు పిలిపించారు. నగరాల నిర్మాణం గురించి తాను జీవితమంతా పోగుచేసిన పటాలూ చిత్రాలూ ఓడలో వేసి పంపారాయన. 1914లో యుద్ధం మొదలయింది. మన తీరంలో కలకలం రేపిన జర్మనీ నౌక ఎమ్డెన్, ఆ ఓడను హిందూ మహాసముద్రంలో ముంచివేసింది. మరొకరైతే తిరుగుముఖం పట్టేవారు. గెడ్డెస్ గారు మాత్రం స్నేహితుల చేత మళ్ళీ పటాలు సేకరింపజేసి, మద్రాసులో ప్రదర్శన పెట్టి, మన ఊళ్ళ వెంట కాలినడకన తిరిగారు.

ఆయన చెప్పినది సులువైన మాట. వైద్యుడు రోగి నాడి చూడకుండా మందివ్వడు. ఊరిని చూడకుండా ప్రణాళిక గీయరాదు. తంజావూరులో ఒక యిరుకు పేటను బాగుచేయడానికి యిళ్ళను చీల్చుకుంటూ తిన్నని రోడ్లు వేయాలని అప్పటి ఆలోచన. ఆయన సందు సందూ తిరిగి చూసి, ఇక్కడొక పాడుపడిన గోడ తీసి, అక్కడొక ఖాళీ స్థలం కలిపి, చెట్టు నాటి, తక్కువ యిళ్ళు కూల్చి, తక్కువ ఖర్చుతో గాలీ వెలుతురూ వచ్చే దారి చూపించారు. 1920లో మద్రాసు రాజధానికి పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. కోస్తా ఆంధ్రలో ప్రణాళికల చరిత్ర ఆ చట్టంతోనే మొదలవుతుంది. చట్టమైతే నిలిచింది గాని, కాలినడక అలవాటు తగ్గింది. నేడు ఆకాశం నుంచి తీసిన చిత్రాలున్నాయి. వాటిలో కప్పులు కనబడతాయి. కప్పు కింద మగ్గముందో, మంచముందో కనబడదు.

మగ్గం గుంటకు ఏ రంగు?

బాబాయిగారి చిక్కంతా యిదే. ఆయన యిల్లు పటంలో పసుపు రంగు, అంటే నివాసం. నిజమే, ఆయన అక్కడే నివసిస్తున్నారు. కాని ముందు గదిలో నేలలో త్రవ్విన గుంట మగ్గాలు రెండున్నాయి. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతూ నేయాలి. నేల చల్లదనం పడుగు నూలుకు మేలు చేస్తుంది. మంగళగిరి చీరకు దేశమంతటా పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చీర పుట్టే చోటు మాత్రం పటంలో లేదు.

“మూడో అంతస్తులో వాటా యిస్తారటయ్యా, బాగానే వుంది. మూడో అంతస్తులో గుంట ఎక్కడ త్రవ్వను?” అని బాబాయిగారు నవ్వారు.

రోడ్డు కోసం స్థలం పోయినవారికి ప్రభుత్వం యిచ్చేది కొన్నిసార్లు డబ్బు, ఎక్కువసార్లు హక్కు పత్రం. అంటే, పోయిన గజాలకు బదులుగా మిగిలిన స్థలంలో అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఆ హక్కును మరొక బిల్డరుకు అమ్ముకోవచ్చు. నాలుగువందల గజాలున్న ఆసామికి యిది లాభమే. అరవై గజాల్లో కాపురమూ వృత్తీ కూడా నడుపుకునేవాడికి ఆ పత్రంతో నేసే చోటు తిరిగిరాదు. నివాసమూ పరిశ్రమా కూడా అయిన యిళ్ళకు పటంలో విడిగా ఒక గుర్తు పెడితే, ఆ వీధులలో రోడ్డు వెడల్పును ఆచితూచి నిర్ణయిస్తే, నష్టమేమిటి? తంజావూరులో కుదిరినది మంగళగిరిలో కుదరదా?

పటం ఒక మాట

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణలో యిచ్చారు. జరీబు భూమి ఎకరానికి 1000 గజాల నివాస స్థలం, 450 గజాల వ్యాపార స్థలం. మెట్టకు 1000, 250. ఇది ఒప్పందం. అంటే రైతు తన పొలమిచ్చి పటంలో ఒక చతురస్రం పుచ్చుకున్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ఆలోచన వచ్చింది. 2020లో చట్టాలు మారాయి, 2021 నవంబరులో వాటిని వెనక్కి తీసుకున్నారు. 2024లో మళ్ళీ పనులకు కదలిక వచ్చి, 2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా పునఃప్రారంభం జరిగింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న వాదన యీ వ్యాసానికి అక్కరలేదు. ఆ అయిదేళ్ళలో పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ ఆ చతురస్రం మీద ఆధారపడి ఆగిపోయిన యిళ్ళు నేనెరుగుదును. మా కళాశాలలో చదివిన పిల్లలే వారు. పటం మార్చవచ్చు, మార్చాలి కూడా. కాని దాన్ని నమ్మి నాగలి దించినవాడికి జవాబు చెప్పకుండా మార్చకూడదు.

మనం చేయవలసినది

ప్రణాళికను ఖాయం చేసేముందు ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలూ సలహాలూ కోరడం చట్టంలోనే వుంది. గడువు సాధారణంగా 30 రోజులు. 2015 చివర రాజధాని ప్రాంతానికి ముసాయిదా వచ్చినప్పుడు, పొలాలను వ్యవసాయ మండలాలుగా గుర్తించడం మీద కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు పెద్ద ఎత్తున అభ్యంతరాలు తెలిపారు. కనుక జనానికి చెప్పడం చేతకాదని ఎవరూ అనలేరు. కాని చాలామందికి గడువు దాటాక గాని సంగతి తెలియదు.

అందుచేత పాఠకులకు నా మనవి. మీ ఊరి ముసాయిదా వెలువడితే, సీరియలు చదివినంత శ్రద్ధగా చూడండి. మీ సర్వే నంబరు, యింటి నంబరు పట్టుకుని వెళ్ళండి. మీ స్థలం రంగేమిటి, దాని మీద గీత ఏమైనా వుందా, మీ పిల్లలాడే మైదానం ఆకుపచ్చగానే వుందా, మీ వీధి మురుగుకాలువ ఎక్కడికి పోతుంది—ఈ నాలుగూ అడగండి. అభ్యంతరాన్ని కాగితం మీద వ్రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. “అన్యాయం” అని వ్రాస్తే చాలదు. ఏ గీత, ఎన్ని అడుగులు, ఎటు జరపాలి, ఎందుకు అన్నది వ్రాయాలి.

అధికారులకూ ఒక విన్నపం. పటం తెలుగులో వుండాలి. ప్రతి వార్డులో, రేషను షాపు దగ్గరో బడి గోడ మీదో అంటించాలి. గుడి, మసీదు, చర్చి, రావిచెట్టు, చెరువు, రైలుగేటు గుర్తులన్నీ అందులో వుండాలి. రాజ్యాంగంలో 1992 నాటి 74వ సవరణ పట్టణ ప్రణాళికనూ భూ వినియోగాన్నీ పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనులలో మొదటి రెండుగా వ్రాసింది. వార్డు మనిషికి అర్థం కాని పటం ఆ రాజ్యాంగపు మాటకు సరితూగదు.

ఇంతకీ బాబాయిగారి సంగతి. అప్పటికి గడువు యింకా తొమ్మిది రోజులుంది. ఇద్దరం కూర్చుని అర్జీ వ్రాశాము. పది అడుగులు ఎదుటి వైపు జరిపితే అక్కడున్నది ఖాళీ దొడ్డి గోడ మాత్రమేనని కొలతలతో సహా వ్రాశాము. అర్జీకి జతచేసిన పటం నకలు మీద బాబాయిగారు పెన్సిలుతో గాలిగోపురం బొమ్మ వేశారు. పదకొండు అంతస్తులూ లెక్కపెట్టి మరీ వేశారు! కొన్నాళ్ళకు ఒక కుర్రవాడు టేపు పట్టుకుని వచ్చి, మగ్గం గుంట చూసి, కొలతలు వ్రాసుకుని వెళ్ళాడు. గీత యింకా జరగలేదు, చెరిగిపోనూ లేదు. మగ్గం ఆడుతూనే వుంది.

మొన్న ఫాల్గుణ పౌర్ణమికి నేను రథం చూడడానికి వెళ్ళాను. పెద్ద బజారులో వాళ్ళబ్బాయి బట్టల కొట్టు ముందు, పొద్దున్నే బాబాయిగారు ఎండకు కట్టిన పందిరి గుంజలు స్వయంగా పీకి లోపల పెడుతున్నారు.

“ఎవరైనా చెప్పారా, బాబాయిగారూ?” అని అడిగాను.

“చెప్పడమేమిటి మేష్టారూ, రథం రావద్దూ?” అన్నారు.